గ్లాడియోలస్ పూలకు అదనే ప్రాణము

2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో నుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరం ప్రాంతములో చెఱకు, వరి ముఖ్యమైన పైరులు. విశాఖపట్నం పూలబజారు దగ్గరనే యున్నది కాబట్టి, కొద్ది సెంట్లలో గ్లాడియోలస్ వేయవచ్చునా యని కొందరు రైతులు నన్ను అడుగుచున్నారు. వేయవచ్చును. కాని ఏ రకము, ఎంత ఎరువు అని అడుగుటకు ముందు, ఏ తేదీన నాటవలెనని అడుగుడు.

ఒక రైతు చెఱకు కొట్టిన చెక్కలో ఫిబ్రవరి మొదటి వారమున దుంపలు నాటెను. నీటికిగాని, ఎరువునకుగాని లోటు చేయలేదు. ఏప్రిల్ నాటికి చాల మొక్కలకు పూకాడయే రాలేదు. వచ్చిన కాడలు పొట్టివి. పై మొగ్గలు విచ్చకయే మాడినవి. దుంపలు మంచివి కావని ఆయన నిశ్చయించుకొనెను. నేను చూచినంతలో దుంపలలో దోషము లేదు. దోషము తేదీలో నున్నది.

కారణము వినుడు. ఈ మొక్క మూడవ ఆకు మొదలు ఆరవ ఆకు వేయు లోపల పూకాడ లోపలనే రూపొందును. మనకు కాడ కంటికి కనబడునప్పటికి దాని మంచిచెడ్డలు తేలిపోయియుండును. ఆ దినములలో ఎండ వెలుతురు సమృద్ధిగా నుండి, వేడి మితముగా నుండవలెను. గ్లాడియోలస్‌కు 10 మొదలు 25 డిగ్రీల సెంటిగ్రేడు వరకు హితము. 30 డిగ్రీలు దాటిన కొలది మొక్క తొందరపడి ఎదుగును. కాడ కురుచయగును, పూల సంఖ్య తగ్గును. నేల వేడెక్కినచో ఎండుతెగులు, తామరపురుగుల బెడదయు హెచ్చును.

మన ప్రాంతములో రాత్రులు చల్లబడి, పగటి ఎండ నెమ్మదిగా నుండునది నవంబరు చివరి నుండి ఫిబ్రవరి మొదటి వరకు మాత్రమే. పైరు కీలక దశలన్నియు ఈ కాలములోనే గడచిపోవలెను. రకమును బట్టి నాటిన 70 మొదలు 90 దినములకు పూవు వచ్చును. కాబట్టి అక్టోబరు 25, నవంబరు 5, నవంబరు 15 తేదీలలో మూడు దఫాలుగా నాటుట మేలని నా అభిప్రాయము. అట్లు నాటిన పూలు జనవరి, ఫిబ్రవరి నెలలలో వరుసగా కోతకు వచ్చును. ధనుర్మాసములో పెండ్లిండ్లు లేవు, మాఘమాసములో కలవు. అంతయు ఒకేనాడు నాటినచో పూవంతయు ఒకేసారి బజారున పడి ధర దిగును.

సెప్టెంబరులోనే నాటి, క్రొత్త సంవత్సరమునకు పూలు అమ్మరాదా యని కొందరందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన జిల్లాను ఎట్లు కుదిపినదో మరువకుడు. అప్పటికి ఎదిగియున్న మొక్క గాలికి వాలిపోవును. మొలక దశలోని పైరుకు గాలి భయము తక్కువ. నీరు నిలువకుండ బోదెలు ఎత్తుగా వేసిన చాలును.

పాడేరు, అరకు వంటి మన్యపు ఎత్తుప్రదేశములు మనకంటె చల్లనివి. అచటి తేదీలు అచటివే. ఉత్తరదేశపు కొండలలో వేసవి ముందు నాటుదురని చదివి, మనము అనుసరింపరాదు.

చెఱకు చెక్క ఖాళీ యగుటకు జనవరి దాటును, అందుకై వేచియుండకుడు. చోడి, గంటె కోసిన గరువు నేలలో, నీటి వసతి గలచోట, రెండు సెంట్లతో ప్రారంభింపుడు. వరుసల నడుమ 30, మొక్కల నడుమ 20 సెంటీమీటర్ల ఎడముతో సెంటునకు సుమారు 670 దుంపలు పట్టును. దుంపలను శిలీంధ్రనాశని ద్రావణములో అరగంట ముంచి, 5 మొదలు 8 సెంటీమీటర్ల లోతున నాటవలెను. అడుగు మొగ్గ రంగు చూపగానే కాడను కోయుడు. మొక్కకు నాలుగాకులైన మిగుల్చుడు. ఆరేడు వారములకు ఆకులు పసుపుబారిన పిమ్మట దుంపలను త్రవ్వుకొనవచ్చును. ముదురు ఎండలు రాకమునుపే అవి చేతికి వచ్చుట సకాలమున నాటుటవలన కలుగు రెండవ లాభము. త్రవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో నుండును. 4, 5 డిగ్రీల శీతల గిడ్డంగిలో నుంచిన నిద్ర తీరి, మరుసటి అదనుకు సమముగా మొలచును.

ఇక గ్రామోద్యోగులకు, నాతోటి అధికారులకు ఒక మాట. దుంపలు జనవరిలో వచ్చి చేరినచో, రాయితీ ధరకే యైనను, ఉచితముగా నైనను, రైతుకు అంటగట్టరాదు. పంచిన దుంపల లెక్క మన పుస్తకములో నిండును. నష్టము రైతు ఇంట మిగులును. కావలసిన దుంపల పట్టీ ఆగస్టులోనే సిద్ధముచేసి, అక్టోబరు నడుమకు దుంపలు ఊరు చేరునట్లు చూడవలెను. ఆలస్యమైనచో ఈ యేటికి వలదని చెప్పు ధైర్యము మనకుండవలెను.

రైతు సోదరులారా, మీరును నాటిన తేదీ, మొలచిన తేదీ, కాడ కోసిన తేదీ ఒక నోటు పుస్తకములో వ్రాసి యుంచుడు. రెండేండ్లకు మీ పొలమునకు తగిన అదను ఆ పుస్తకమే చెప్పును. ఎరువు తక్కువైనచో మరల వేయవచ్చును. తప్పిన అదను ఆ యేటికి మరల రాదు.