ఎముక అతికింది, నొప్పి పోలేదేమి?



పొలం గట్టు మీద జారి చీలమండ విరిగినవారు ప్రతి ఊరిలోను ఉంటారు. పిండి కట్టు వేస్తారు. కొన్ని వారాలకు కట్టు విప్పి, ఎక్స్‌రే చూచి, "ఎముక అతికింది" అంటారు. అయినా కొందరు నెలల తరబడి కుంటుతూనే ఉంటారు. "ఎముక అతికింది గదా, పని తప్పించుకోవడానికే ఈ కుంటడము" అని ఇంటివారే అంటారు. ఆ మాట అనకముందు ఒక సంగతి తెలిసికొందాము.

చీలమండ కీలులో మూడు ఎముకలు కలుస్తాయి. అవి ఒరుసుకోకుండా వాటి మీద నున్నని తెల్లని పొర ఉంటుంది. దీనిని మృదులాస్థి అంటారు. కోడి కాలు ఎముక కొనన కనబడే నున్నని భాగము ఇటువంటిదే. కాలు మెలిపడి ఎముక విరిగినప్పుడు ఈ పొర కూడా నలగవచ్చు, చిట్లవచ్చు, ముక్కగా ఊడి రావచ్చు.

ఇందులో రెండు చిక్కులున్నవి. ఈ పొర ఎక్స్‌రేలో కనబడదు. దీనికి రక్తనాళాలు లేవు గనుక ఎముక వలె తిరిగి అతకదు. స్విట్జర్లాండ్ వైద్యులు చీలమండ విరిగిన 288 మందికి ఆపరేషన్ సమయములో సన్నని కెమెరా గొట్టముతో కీలు లోపల పరీక్షించారు. నూటికి 79 మందిలో ఈ పొర దెబ్బతిని ఉన్నదని 2000లో ప్రకటించారు. వారిలో కొందరిని సుమారు 13 ఏండ్ల తరువాత మరల చూడగా, పొర లోతుగా దెబ్బతిన్నవారిలో కీళ్ల అరుగుదల ఎక్కువగా కనబడింది.

మరి మనమేమి చేయాలి? ఎముక కొద్దిగా పక్కకు జరిగి అతికినా, బరువు ఒకేచోట పడి పొర అరిగిపోతుంది. కాబట్టి ఎక్స్‌రే తీయించకుండా నాటు కట్టుతో సరిపెట్టుకోవద్దు. డాక్టరు చెప్పేవరకు ఆ కాలిమీద బరువు మోపవద్దు. కట్టు విప్పిన తరువాత నేర్పిన వ్యాయామము మానవద్దు. ఎముక అతికినా వాపు, నొప్పి, కీలు పట్టివేయడము తగ్గకపోతే మరల ఎముకల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఎమ్మారై స్కానింగులో ఈ పొరను చూస్తారు.

ఎక్స్‌రేలో కనబడనంత మాత్రాన నొప్పి లేనట్లు కాదు. మీ ఇంట్లో అట్లా కుంటుతున్నవారుంటే నిందించక, తోడుగా ఆస్పత్రికి తీసికొని వెళ్లండి.