డబుల్ పెడల్ అప్‌గ్రేడ్ చేస్తున్నారా? డబ్బు ఎడమ కాలి వైపు పెట్టండి

ఈ సైట్‌లో ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం పక్కకి వెళ్దాం. మా మదనపల్లె వైపు డ్రమ్స్ వాయించే తమ్ముళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, పాత డబుల్ పెడల్ తీసేసి మంచిది కొనాలనుకుంటున్నా. డైరెక్ట్ డ్రైవ్ తీసుకోనా, చైన్ తీసుకోనా?"

నా అభిప్రాయం సూటిగా చెప్తా. చైనా, డైరెక్టా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎడమ పెడల్ గురించి. అప్‌గ్రేడ్‌కి పెట్టే ప్రతి రూపాయీ ఆ ఎడమ వైపు ఎంత బాగుపడుతుందో చూసి పెట్టాలి. మిగతా ఫీచర్లన్నీ దాని తర్వాతే.

ఇది చిన్న విషయం కాదు. కాస్త మంచి డబుల్ పెడల్ అంటే సుమారు ఇరవై నుంచి ముప్పై వేలు, అంటే ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధర. ఫోన్ నచ్చకపోతే ఎక్స్చేంజ్ ఆఫర్‌లో వదిలించుకోవచ్చు. పెడల్‌కి అలాంటి ఆఫర్ ఉండదు. చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో వాయించి, ప్రోగ్రామ్‌కి ఇంతని దాచుకున్న డబ్బుతో కొనేవాళ్లకి ఇది ఏడాది పొదుపు. అందుకే స్పెక్స్ లిస్ట్ చూసి కాకుండా, వస్తువు ఎలా పనిచేస్తుందో చూసి కొనాలంటాను.

ఎడమ కాలికి దారి ఎక్కువ

కాలితో బాస్ డ్రమ్ కొట్టే పెడల్ కొత్తదేం కాదు. విలియం లుడ్విగ్ అమెరికాలో 1909లోనే దాన్ని పక్కాగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత లూయీ బెల్సన్ లాంటి జాజ్ డ్రమ్మర్లు రెండు బాస్ డ్రమ్‌లు పెట్టుకుని రెండు కాళ్లతో వాయించారు. రెండో డ్రమ్ మోయకుండా అదే పని చేయడానికి వచ్చిందే డబుల్ పెడల్. 1980ల నుంచి డీడబ్ల్యూ లాంటి కంపెనీల వల్ల బాగా వాడకంలోకి వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కుడి కాలు తొక్కితే ఫుట్‌బోర్డ్, చైన్, క్యామ్, బీటర్. అంతే, అయిపోయింది. ఎడమ కాలు తొక్కితే ఫుట్‌బోర్డ్, చైన్, క్యామ్, తర్వాత ఒక జాయింట్, పొడుగాటి రాడ్, ఇంకో జాయింట్, అప్పుడు బీటర్. మన భాషలో చెప్పాలంటే కుడి కాలు నేరుగా సర్వర్‌కి కనెక్ట్ అయింది, ఎడమ కాలు మధ్యలో మూడు రౌటర్లు దాటి వెళ్తోంది.

ఆ జాయింట్లు ఏంటో తెలియాలంటే మదనపల్లె మార్కెట్ యార్డ్ దగ్గర టమాట లారీ కింద చూడండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర మెకానిక్‌లు యూజే క్రాస్ అని పిలిచేది ఉంటుంది కదా, అదే సూత్రం, చిన్న సైజు. లారీలో అది అరిగితే ఏమవుతుందో మెకానిక్ చెప్తాడు: "ప్లే వచ్చింది". పెడల్‌లోనూ అంతే. కాలు కాస్త కదిలినా బీటర్ కదలదు. ఆ ఖాళీ దాటాకే కదులుతుంది.

లెక్క వేద్దాం. 120 బీపీఎం పాటలో రెండు కాళ్లతో పదహారో వంతు నోట్లు వాయిస్తే సెకనుకి 8 దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య 125 మిల్లీసెకన్లు. 180 బీపీఎంకి వెళ్తే సెకనుకి 12 దెబ్బలు, మధ్యలో సుమారు 83 మిల్లీసెకన్లే. అక్కడ ఎడమ కాలు 15 మిల్లీసెకన్లు లేటైతే, సమానంగా రావాల్సిన దెబ్బలు కుంటుకుంటూ వచ్చినట్టు వినిపిస్తాయి.

ఇంకో సంగతి. ఎప్పుడూ ఒకేలా లేటైతే కాలు దానికి అలవాటు పడిపోతుంది. పింగ్ 60 ఉన్నా నిలకడగా ఉంటే గేమ్ ఆడేస్తాం. ఒకసారి 20, ఇంకోసారి 90 అయితే ఆడలేం. అరిగిన జాయింట్, వంగే రాడ్, కదిలే బేస్, ఈ మూడూ కలిసి ఇచ్చేది ఆ రెండో రకం ఇబ్బంది. ఎంత ప్రాక్టీస్ చేసినా అది పోదు. "నా ఎడమ కాలు వీక్" అని బాధపడే చాలామంది ముందు ఆ రాడ్ పట్టుకుని తిప్పి చూడాలి.

కొనేముందు ఫ్రీగా చేసే రెండు పనులు

మొదటిది, రాడ్‌ని వీలైనంత తిన్నగా పెట్టండి. యూనివర్సల్ జాయింట్ వంపులో తిరిగితే ఒక వైపు సమానంగా తిప్పినా రెండో వైపు వేగం హెచ్చుతగ్గులవుతుంది. మెకానికల్ బ్రాంచ్ ఫ్రెండ్‌ని అడగండి, హుక్స్ జాయింట్ అని బోర్డు మీద గీసి మరీ చెప్తాడు. రెండు చివర్లా వంపు సమానంగా ఉండి, జాయింట్లు సరైన వరుసలో ఉంటే ఆ తేడా చాలావరకు రద్దవుతుంది. ఎడమ పెడల్‌ని బాగా వెనక్కో పక్కకో లాగి, రాడ్‌ని అడ్డదిడ్డంగా వంచి పెడితే మాత్రం ఎంత ఖరీదైన పెడలైనా బరువుగానే అనిపిస్తుంది.

రెండోది, మీ ఫోన్. స్లో మోషన్ 240 ఎఫ్‌పీఎస్‌లో పెట్టి రెండు బీటర్లూ, రెండు ఫుట్‌బోర్డులూ కనిపించేలా వీడియో తీయండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. ఫుట్‌బోర్డు కదలడం మొదలైన ఫ్రేమ్ నుంచి బీటర్ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. కుడి వైపు, ఎడమ వైపు పది దెబ్బలు చొప్పున చూడండి. ఎడమ వైపు అన్ని దెబ్బలకీ ఒకేలా ఒకటి రెండు ఫ్రేములు ఎక్కువైతే పెద్ద సమస్య లేదు. ఒక్కోసారి ఒక్కోలా వస్తే మాత్రం అప్‌గ్రేడ్‌కి కారణం దొరికినట్టే. 960 మోడ్ జోలికి పోకండి. చాలా ఫోన్లలో మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేరే కల్పించి చూపిస్తుంది, కొలతకి పనికిరాదు.

మన ఊళ్లలో కిట్ మనది కాదు, పెడలే మనది

యూట్యూబ్ రివ్యూలు చూస్తే డ్రమ్మర్ తన స్టూడియోలో, తన కిట్ మీద, తన కార్పెట్ మీద వాయిస్తూ ఉంటాడు. మన దగ్గర అలా కాదు. మదనపల్లెలో చర్చి కిట్, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకి ఆర్కెస్ట్రా వాళ్ల కిట్, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర స్టేజీ మీద సౌండ్ వాళ్లు తెచ్చిన కిట్, కాలేజీ ఫెస్ట్‌లో అద్దె కిట్. డ్రమ్‌లు ఎవరివో, సింబల్స్ ఎవరివో. చంకన పెట్టుకుని పల్లెవెలుగు బస్సు ఎక్కించగలిగేది స్టిక్స్, పెడల్ మాత్రమే.

కాబట్టి మన చెక్‌లిస్ట్ వేరుగా ఉండాలి.

బేస్ ప్లేట్: ఎడమ పెడల్ కింద గట్టి ప్లేట్ ఉండాల్సిందే. కుడి పెడల్‌కి డ్రమ్ అంచు పట్టు ఇస్తుంది. ఎడమ దానికి నేల తప్ప దిక్కులేదు. గ్రానైట్ నేల మీద జారుతుంది, చెక్క స్టేజీ మీద ఊగుతుంది. ప్లేట్ కింద రబ్బర్, ముందు వైపు నేలలోకి దిగే మేకులు రెండూ ఉన్నది చూడండి. ఏ పెడల్ కొన్నా ఒక రబ్బర్ మ్యాట్ కూడా వెంట తీసుకెళ్లండి. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

క్లాంప్: ఒక్కో కిట్‌కి బాస్ డ్రమ్ అంచు మందం ఒక్కోలా ఉంటుంది. కూర్చున్న చోటి నుంచే పక్క స్క్రూతో బిగించే క్లాంప్, ఎక్కువ మందానికీ సర్దుకునేది ఉంటే ప్రతి ప్రోగ్రామ్‌లో ఐదు నిమిషాలు మిగులుతాయి. రెండు పాటల మధ్య నిర్వాహకులు ఇచ్చేది కూడా అంతే టైమ్.

డ్రమ్ కీ: సెట్టింగ్‌లన్నీ మామూలు డ్రమ్ కీతో అయ్యేవి ఎంచుకోండి. ప్రత్యేకమైన అలెన్ కీ కావాలంటే, అది పోయిన రోజే ప్రోగ్రామ్ ఉంటుంది.

కేస్: ఉంటే హార్డ్ కేస్, లేకపోతే కనీసం గట్టి బ్యాగ్. బస్సు టాప్ మీద రాడ్ వంగితే ఈ ఆర్టికల్ మొత్తం వృథా.

ఇప్పుడు చైన్, డైరెక్ట్ సంగతి

డైరెక్ట్ డ్రైవ్‌ని కొత్త టెక్నాలజీలా అమ్ముతున్నారు. చైన్ బదులు గట్టి లోహపు లింక్ పెట్టే పద్ధతి లుడ్విగ్ స్పీడ్ కింగ్‌లో 1937 నుంచే ఉంది. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాడింది ఆ స్పీడ్ కింగే, అదీ సింగిల్ పెడల్. ఆయన ఒక్క కాలితో వాయించిన ట్రిప్లెట్లు విని రెండు పెడల్స్ అనుకున్నవాళ్లు కోకొల్లలు.

డైరెక్ట్‌లో కాలు ఎంత కదిలితే బీటర్ అంత కదులుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు కూడా. కంట్రోల్ బాగుంటుంది, కానీ కాలు చేసే ప్రతి తప్పునూ బయటపెడుతుంది. చైన్ కొంచెం క్షమిస్తుంది. స్పీడ్ ఇచ్చేది మాత్రం రెండూ కాదు, చీలమండ.

క్యామ్ విషయం దీనికన్నా ముఖ్యం అంటాను. గుండ్రటి క్యామ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే ఫీల్ ఇస్తుంది. ఆఫ్‌సెట్ క్యామ్ చివర్లో వేగం పెంచి గట్టిగా కొడుతుంది. మీకు ఏది నప్పుతుందో తెలియకపోతే రెండూ మార్చుకోగలిగేది తీసుకోండి. టామా ఐరన్ కోబ్రా 600లో ఒకే క్యామ్‌ని రెండు రకాలుగా సెట్ చేసుకోవచ్చు. పర్ల్ ఎలిమినేటర్‌లో క్యామ్‌లే మార్చుకోవచ్చు. లాంగ్‌బోర్డ్ మాత్రం తొక్కి చూడకుండా కొనొద్దు. హీల్-టో టెక్నిక్ వాడేవాళ్లకి అది వరం, మామూలుగా తొక్కేవాళ్లకి కొన్నాళ్లు తడబాటు.

అసలు మనకి డబుల్ పెడల్ ఎందుకు?

"మా చర్చిలో అన్నీ నెమ్మది పాటలు, మెటల్ ఎవరు వాయిస్తారన్నా?" అనేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. వాళ్లకి నా సలహా: అదే డబ్బులో సగంతో మంచి సింగిల్ పెడల్ కొనండి. నాసిరకం డబుల్ కన్నా గట్టి సింగిల్ ఎప్పుడూ మేలు.

కానీ డబుల్ పెడల్ అంటే మెటలే అనుకోవడం కరెక్ట్ కాదు. ఆర్కెస్ట్రాలో తీన్‌మార్ వాయించేటప్పుడు చేతులు టామ్స్ మీద, ప్యాడ్ మీద ఉంటాయి. కింద కాళ్లతో కిక్ నింపగలిగితే డప్పుల గుంపు నిండుదనం ఒక్క మనిషితో కొంతైనా వస్తుంది. ఇక మెటల్ విషయానికొస్తే బెంగళూరు మనకి పక్కనే. ఐరన్ మెయిడెన్ 2007లో, మెటాలికా 2011లో అక్కడే వాయించాయి. జనగణమనకి ఠాగూర్ 1919లో బీసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉండగా స్వరం కుదిరిన ఊరు మాది. ఈ ఊళ్లో ఫలానా మ్యూజిక్కే నడుస్తుందని ఎవరూ గీత గీయలేదు.

కొత్తదా, సెకండ్ హ్యాండా?

కొత్త చీప్ డబుల్ కన్నా, బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ మిడ్‌రేంజ్‌కే నా ఓటు. ఫోన్‌లో బ్యాటరీ పోతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. పెడల్‌లో అరిగేవి స్ప్రింగ్, ఫెల్ట్, బేరింగ్, జాయింట్. వీటిలో చాలావరకు మార్చుకోవచ్చు. అందుకే కొనేముందు ఆ మోడల్‌కి ఎడమ వైపు రాడ్, జాయింట్ విడిగా దొరుకుతాయా అని డీలర్‌ని అడగండి. దొరకవంటే ఎంత ఆఫర్ ఉన్నా వదిలేయండి.

పక్కపక్కన పెట్టుకుని తొక్కి చూడాలంటే బెంగళూరు వెళ్లండి. కుప్పం నుంచి రైల్లో సుమారు 100 కిలోమీటర్లు, మదనపల్లె నుంచి బస్సులో సుమారు 120. ఒక రోజు, కొన్ని వందల ఖర్చు. ముప్పై వేల వస్తువుకి ఆ మాత్రం తిరగడం దండగ కాదు. షాపులో మూడు చూడండి: ఎడమ ఫుట్‌బోర్డు చేత్తో మెల్లగా నొక్కితే బీటర్ వెంటనే కదలాలి. బీటర్ పట్టుకుని పక్కలకి ఊపితే కటకట శబ్దం రాకూడదు. వదిలేస్తే రెండు బీటర్లూ దాదాపు ఒకేలా ఊగి ఆగాలి.

ఇంట్లో ఎలక్ట్రానిక్ కిట్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. చిన్న కిట్‌లలో కిక్ ప్యాడ్ సన్నగా ఉంటుంది, రెండు బీటర్లు పట్టవు. కొన్నింటికి అసలు బీటరే ఉండదు. ముందు ప్యాడ్ వెడల్పు కొలుచుకోండి.

నా తీర్పు

పది వేల లోపు బడ్జెట్ అయితే డబుల్ వద్దు, మంచి సింగిల్. ఇరవై–ముప్పై వేలు ఉంటే ఎడమ వైపు కూడా బేస్ ప్లేట్, మంచి జాయింట్లు ఉన్న చైన్ డబుల్, లేదా అదే ధరలో పై క్లాస్ సెకండ్ హ్యాండ్. యాభై వేలు దాటిన డైరెక్ట్ డ్రైవ్‌లు వారానికి నాలుగైదు రోజులు, గంటల తరబడి వేగంగా వాయించేవాళ్లకే. మిగతావాళ్లు ఆ తేడా డబ్బుతో నెల నెలా ఒక టీచర్ దగ్గర క్లాసులు తీసుకుంటే కాళ్లు ఇంకా బాగుపడతాయి.