జాగ్రత్త ఎవరిమీద?

చెప్పకుండా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి అనుమానించడం వివేకమా, అమానుషమా? దీనికి మన మధ్యతరగతి రెండు సమాధానాలు తయారుగా ఉంచుకుంది. సంప్రదాయవాది అతిథి దేవుడంటాడు. ఆధునికుడు కాలం మారిందని గుమ్మానికి కెమెరా బిగిస్తాడు. ఆ దేవుడు ఏ కులంవాడో, ఆ కెమెరా ఎవణ్ణి పట్టుకోవాలో ముందే నిర్ణయమైపోయిందన్న సంగతి మాత్రం ఇద్దరూ చెప్పరు.

జాగ్రత్త వద్దని నేననను. మధ్యాహ్నంవేళ ఒంటరిగా ఉన్న స్త్రీ, చేతికర్రతో నడిచే వృద్ధుడు తలుపు తియ్యకుండా కిటికీలోంచి మాట్లాడితే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అది బలహీనుల ఆత్మరక్షణ. ఆ భయాన్ని అరువు తెచ్చుకుని బలవంతులు సాగించే నిఘామీదనే నా ఆక్షేపణ.

నేనుంటున్న అపార్టుమెంటులో పనిమనుషులూ, సామాను తెచ్చే కుర్రాళ్లూ లిఫ్టు ఎక్కరాదని బోర్డు పెట్టారు. కారణం భద్రత అన్నారు. మెట్లెక్కి వచ్చే దొంగ దొంగ కాడా? ఇది భద్రత కాదు, పేరు మార్చుకున్న అంటరానితనం. జాషువా ‘గబ్బిలం’ (1941)లో గబ్బిలానికి గుడి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. అందుకే ఆ మనిషి తన మొర దానిచేత శివుడికి పంపుకుంటాడు. ఇవాళ మనం తెప్పించుకున్న భోజనానికి మన ఇంట్లోకి ప్రవేశం ఉంది. మోసుకొచ్చినవాడికి లిఫ్టులోకి కూడా లేదు.

ఈ అనుమానం హానిలేనిదనుకుంటే పొరపాటు. పిల్లలను ఎత్తుకుపోతారన్న వాట్సాప్ పుకారు నమ్మి 2018 మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక గుంపు బిచ్చమెత్తుకునే ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆమె నేరమల్లా మనకు పరిచయం లేకపోవడమే.

మరి పరిచయస్తుల సంగతి? జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఏటేటా 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, పెళ్లాడతానన్నవాడు. వీళ్ల పేర్లు ఏ వాచ్‌మన్ పుస్తకంలోనూ ఎక్కవు.

ఇక అధికారం ఎదురైతే మన జాగ్రత్త ఏమవుతుంది? కూరగాయలమ్మే మనిషిని నాలుగు ప్రశ్నలు వేసినవాడు ఖాకీ కనబడగానే నోరు మూస్తాడు. అరెస్టు చెయ్యవచ్చిన పోలీసు పేరు కనబడే బిళ్ల పెట్టుకోవాలనీ, అరెస్టు పత్రంమీద ఇంటివాళ్లలో ఒకరో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చెయ్యాలనీ డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అడిగేవాళ్లెందరు? ఈ అడగని అలవాటే, చట్టంలో లేని ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో ఫోను తెరమీది దొంగ పోలీసులు చదువుకున్నవాళ్ల జీవితకాలపు పొదుపును ఊడ్చుకుపోవడానికి దారి ఇచ్చింది.

కనుక గీటురాయి మార్చాలి. వచ్చినవాడి బట్టలూ యాసా కాదు, అతను అడిగేది చూడాలి. లోపలికి రావాలంటున్నాడా? డబ్బో, సంతకమో, ఓటీపీయో కోరుతున్నాడా? విచారించుకుని చెబుతామంటే ఆగుతాడా, బెదిరిస్తాడా? ఈ మూడు ప్రశ్నలూ సూటువాడికీ చెప్పుల్లేనివాడికీ ఒకటే అయినప్పుడు అది జాగ్రత్త. చెప్పుల్లేనివాడికే అయితే అది వర్గద్వేషం.

అధ్యాపక మిత్రులు రెండు పనులు చెయ్యవచ్చు. విద్యార్థులకు పోలీసు పేరూ, కాగితమూ అడగడం నేర్పండి. మీ అపార్టుమెంటు సంఘంలో లేచి ఆ లిఫ్టు బోర్డు తీసెయ్యమనండి. భద్రత మాట తప్పక ఎత్తుతారు. ఎవరి భద్రత అని అడగండి.