కొండ మీద చివరి కిలోమీటర్లు రైడర్లకే వదలాలి

టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు పర్వత స్టేజిలో గెలుపోటములు సెకన్లలో తేలతాయి. చదును రోడ్డు మీద రైడర్లు ఒకరి చాటున ఒకరు గాలి తప్పించుకుంటూ గుంపుగా సాగిపోతారు. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి వేగం బాగా పడిపోతుంది, చాటు వల్ల వచ్చే లాభమూ తగ్గిపోతుంది. నాయకుడి జట్టులోని తోటి రైడర్లు వంతులవారీగా ముందుకొచ్చి, ఎవరూ తప్పించుకుపోలేనంత వేగంగా లాగి, సత్తువ అయిపోగానే పక్కకు తప్పుకుంటారు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అప్పుడు ప్రత్యర్థి ముఖం చూసి, ఊపిరి విని, అదను దొరికిందనిపించగానే ఒకడు సీటు మీంచి లేచి విరుచుకుపడతాడు. ఆ దాడికి కావలసింది ముందు ఖాళీ రోడ్డు. కొండల మీద ఇప్పుడు దానికే కరువొచ్చింది.

2023 జూలై 15న జరిగింది చూస్తే చాలు. అనెమాస్ నుంచి మోర్జీన్‌కు పద్నాలుగో స్టేజి. అంతకుముందు మొత్తం సమయంలో యోనాస్ వింగెగోర్ తాదే పొగాచార్ కన్నా 9 సెకన్లే ముందున్నాడు. జూ ప్లాన్ కనుమ పైకి ముందుగా చేరిన ముగ్గురికి 8, 5, 2 సెకన్ల బోనస్. పొగాచార్ మొదటి దాడిలో ముందుకు దూసుకుపోయాడు. వింగెగోర్ కంగారుపడలేదు, తన వేగంలో తాను ఎక్కుతూ మళ్లీ వచ్చి కలిశాడు. అక్కడి నుంచి ఇద్దరూ ఒకరినొకరు ఓరకంట కనిపెడుతూ నెమ్మదించారు. శిఖరం సుమారు అరకిలోమీటరు ఉందనగా పొగాచార్ మళ్లీ లేచాడు. ఎదురుగా టీవీ మోటార్ సైకిల్, ఫొటోగ్రాఫర్ ఎక్కిన మరో మోటార్ సైకిల్, రెండు పక్కల నుంచీ రోడ్డు మీదికి తోసుకొచ్చిన జనం. దాడి అక్కడే ఆగిపోయింది. పైన 8 సెకన్లు వింగెగోర్‌కు, 5 పొగాచార్‌కు దక్కాయి. గమ్యం దగ్గరి బోనస్ కూడా కలిపి లెక్కిస్తే ఆ రాత్రికి తేడా 10 సెకన్లు. ఆ మోటార్ సైకిళ్లకు పడిన శిక్ష ఒక రోజు నిషేధం, 500 స్విస్ ఫ్రాంకుల జరిమానా.

చివరికి వింగెగోర్ 7 నిమిషాల 29 సెకన్ల తేడాతో గెలిచాడు కాబట్టి గొడవ సద్దుమణిగింది. ప్రతిసారీ అలా జరగదు. 1989లో గ్రెగ్ లెమాండ్ చేతిలో లోరాన్ ఫిన్యోం టూర్ పోగొట్టుకున్నది 8 సెకన్లతో.

మోన్ వాంతూ కొండ మీద 2016 జూలై 14న ఇంతకన్నా ఘోరం జరిగింది. పైన గాలి తీవ్రంగా ఉందని గమ్యాన్ని శిఖరం నుంచి ఆరు కిలోమీటర్లు కిందికి, షాలే రెనార్‌కు దించారు. కొండంతా పరుచుకోవలసిన జనం కింది భాగంలోనే కిక్కిరిశారు. ముందు వెళ్తున్న మోటార్ సైకిల్ జనంలో ఇరుక్కుని ఆగింది. రిచీ పోర్ట్ దాన్ని గుద్దుకున్నాడు, అతని వెనకే క్రిస్ ఫ్రూమ్, బౌకె మొల్లెమా పడ్డారు. సైకిల్ విరిగిన ఫ్రూమ్ రేసులో ముందున్నవాడి పసుపు జెర్సీతోనే ఘాట్ రోడ్డు మీద పరిగెత్తాడు. న్యాయనిర్ణేతలు తర్వాత ఫ్రూమ్‌కు, పోర్ట్‌కు మొల్లెమా సమయాన్నే ఇచ్చారు. తీర్పు సబబైనదే. కానీ 2018లో ఆల్ప్ దుయెజ్ మీద జనం మధ్య కిందపడిన విన్చెంజో నీబలి లేచి గమ్యం చేరినా, వెన్నుపూస విరిగి ఇంటిదారి పట్టాడు. అతనికి ఏ తీర్పూ అక్కరకు రాలేదు. జూ ప్లాన్ మీద పొగాచార్‌కూ పోయిన సెకన్లు తిరిగి రాలేదు. అదే రకం అడ్డంకికి ఒక్కో ఏడాది ఒక్కో న్యాయం నడుస్తోంది.

జనాన్ని అదుపు చేయడం కుదరదనే వాదనకు జవాబు ప్వీ ద దోమ్ కొండ దగ్గరే ఉంది. 1964లో జాక్ ఆంక్తిల్, రేమో పూలిదోర్ మోచేయి మోచేయి రాసుకుంటూ ఎక్కింది ఆ కొండే. 1975లో ఎడీ మెర్క్స్‌ను ఒక ప్రేక్షకుడు కడుపులో గుద్దిందీ అక్కడే. 2023లో టూర్ మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు దారి ఇరుకు, పక్కనే రైలు పట్టా, పైగా రక్షిత ప్రాంతం కావడంతో చివరి నాలుగు కిలోమీటర్లలోకి ప్రేక్షకులను రానివ్వలేదు. ఆ ఖాళీ దారి మీద పొగాచార్ దాడికి దిగి వింగెగోర్ నుంచి 8 సెకన్లు రాబట్టాడు. ఎవరి కాళ్లలో ఎంత సత్తా ఉందో రోడ్డే తేల్చింది. చూడ్డానికి ఆ కొండ వెలవెలబోయిన మాట నిజమే. టికెట్టు లేకుండా, చేయి చాస్తే అందేంత దగ్గరగా రైడర్లను చూడగలగడం ఈ ఆటకున్న గొప్ప సంపద. దాన్ని పోగొట్టుకోనక్కర్లేదు. ప్రేక్షకులు రోడ్డు అంచున ఉండాలి, రోడ్డు మీద కాదు.

అందుకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, టూర్ నిర్వాహకులు చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. బోనస్ సెకన్లున్న ప్రతి కనుమకు ముందు చివరి కిలోమీటరు, శిఖరం మీద ముగిసే స్టేజిలో చివరి ఐదు కిలోమీటర్లు రెండు వైపులా బారికేడ్లు ఉండాలి. గాలికి బారికేడ్లు నిలవని చోట తాళ్లు కట్టి, మలుపు మలుపుకూ సిబ్బందిని నిలపాలి. ఖర్చు పెరుగుతుంది. బోనస్ పెట్టాలని నిర్ణయించినవారే దాన్ని భరించాలి. ఆ హద్దు లోపల నాయకుల ముందు ఒక్క టీవీ మోటార్ సైకిల్ మాత్రమే, నిర్ణీత దూరం పాటిస్తూ వెళ్లాలి. ఫొటోగ్రాఫర్లు ముందే పైకి చేరి కాలినడకన నిలబడి తీసుకోవచ్చు. పైనుంచి చూపించడానికి హెలికాప్టర్లు ఎలాగూ ఉన్నాయి.

మోటార్ సైకిలో ప్రేక్షకుడో రైడర్‌ను అడ్డుకుంటే సమయం ఎలా లెక్కించాలో, బోనస్ ఎవరికి చెందాలో, లేక ఎవరికీ చెందదో నిబంధనల పుస్తకంలో ముందే రాసి ఉండాలి. టూర్ దారిని ఏటా అక్టోబరులో ప్యారిస్‌లో ప్రకటిస్తారు. ఏ కొండల మీద ఈ హద్దులు ఎక్కడ మొదలవుతాయో ఆ రోజే, ఆ పటం మీదే గీసి చూపాలి.