పొగ త్రాగరాదు

ఈ రెండు మాటలు హైదరాబాదు నగరములో ఆర్టీసీ బస్సులోను కలవు, ఆసుపత్రి వరండాలోను కలవు. చదువుకున్నవారే వాటి క్రింద నిలిచి అగ్గిపుల్ల గీయుట మనము తరచు చూచుచునే ఉన్నాము.

చట్టము లేక కాదు. పార్లమెంటు 2003లో చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టము బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధించినది. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నిబంధనలు సినిమా హాళ్ళను, కార్యాలయములను, చివరకు బస్ స్టాపులను కూడ పేర్కొన్నవి. జరిమానా 200 రూపాయల వరకు. అయితే ఆ నిబంధనలు భారమంతయు త్రాగువాని మీదనే మోపలేదు. స్థలమునకు బాధ్యుడైనవాడు బోర్డు పెట్టవలెను. ఫిర్యాదు ఎవరికి చేయవలెనో వారి పేరు ప్రకటించవలెను. యాష్ ట్రేలు, అగ్గిపెట్టెలు అందించరాదు. ఫిర్యాదు విని మిన్నకున్నచో జరిమానా ఆయనకే! మేము చూచిన బోర్డులలో ఆ పేరు కానరాదు. పేరు లేనిచో ఎవరిని అడుగుదుము?

అడుగుటకు నోరు రాకపోవుటకు వేరొక కారణము కూడ గలదు. హిందువుల ఇంటనైనను, ముస్లిముల ఇంటనైనను చిన్నవాడు పెద్దల యెదుట సిగరెట్టు వెలిగించడు. ఇది మన అదబు, మంచిదే. కాని అది పెద్దల గౌరవమును కాపాడినంతగా చిన్నవారి ఊపిరిని కాపాడలేదు. ఇరానీ హోటలులో పెద్దాయన పొగ వదలినచో ప్రక్క బల్ల వద్ద తల్లి బిడ్డ ముఖమునకు కొంగు అడ్డము పెట్టునే గాని పల్లెత్తు మాట అనదు. కప్పులు తీయు పనివానికి ఆ కొంగు కూడ లేదు; లేచి పోవుటకు వీలు లేదు. "చాచా, మెహర్బానీ చేసి కొంచెము బయటకు" అనుట బేఅదబీ కాదని మా దృఢాభిప్రాయము.

ఇక ఇ-సిగరెట్టు. దాని తయారీ, దిగుమతి, అమ్మకము 2019లోనే నిషిద్ధమైనవి. అయినను కలము వలె జేబులో ఇమిడి తరగతికి వచ్చుచున్నది. మామిడిపండు వాసన వచ్చు ఆవిరిని ఏమని మందలించవలెనో పెద్దలకే తోచుట లేదు.

విద్యాసంస్థకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టమే చెప్పుచున్నది. పాన్ డబ్బావానిని తరుముట సులభము. అతనికీ పిల్లలున్నారు, వేరొక చోటు చూపవలెను. కళాశాలలో జరిమానా విధించు అధికారమును నిబంధనలు ప్రిన్సిపాలునకు కూడ ఇచ్చినవి. గిరీశము వెంకటేశమునకు నేర్పిన విద్యలలో చుట్ట ఒకటి గదా! కావున మొదటి రసీదు స్టాఫ్ రూములోనే చింపవలెనని విద్యార్థుల పక్షమున సవినయముగా కోరుచున్నాము.