తొవ్వ ముందుగాల ఎవరికి?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణ ప్రజలకు విజ్ఞప్తి



పొద్దుగాల ఎనిమిదిన్నరకు నిజాంసాగర్ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడండి. చేయెత్తి బండ్లను ఆపుకుంటూ రోడ్డు దాటేవాళ్లను లెక్కపెట్టండి. తర్వాత కార్లను లెక్కపెట్టండి, ఒక్కో కార్లో ఎందరున్నారో కూడా తొంగి చూడండి. ఆ పది నిమిషాల్లో మీకు కనబడే లెక్క ఏ ఆఫీసు ఫైలులో ఉందని అడగడానికే ఈ కరపత్రం.

2024 జనవరిలో కామారెడ్డి ఎమ్మెల్యే కాటిపల్లి వెంకటరమణారెడ్డి రోడ్డు విస్తరణ కోసం సొంత ఇంటిని కూలగొట్టించారు. పాత బస్టాండ్ నుంచి అడ్లూర్ వైపు పోయే రోడ్డది. ఎవరి పార్టీ ఏదైనా, ఆ పనికి గుండె కావాలి. మేం అడిగేది దాని తర్వాతి మాట. ఇండ్లు, దుకాణాలు ఇచ్చి సంపాదించుకున్న జాగలో నడిచే మనిషికి ఎన్ని అడుగులు, బస్సు పక్కకు ఆగడానికి ఎంత, ఆటో నిలబెట్టుకోవడానికి ఎంత? మన దిక్కు ఏ పట్టణంలోనైనా విస్తరణ ఎట్లా ఉంటుందో మీరు చూస్తూనే ఉన్నారు. నడుమ డివైడర్, దాని మీద సెంట్రల్ లైటింగ్, రెండు పక్కలా మోరీ అంచు దాకా తారు. మోరీ మీద పరిచిన బండలే ఫుట్‌పాత్. ఒక బండ ఉంటే దాని పక్కది ఉండదు. ఉన్నచోట మీద ఫ్లెక్సీ కట్టె పాతి ఉంటది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే ఆరడుగులు. ఎత్తు 15 సెంటీమీటర్లు మించొద్దు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఎక్కి దిగేట్టు ఉండాలి. 80 అడుగుల రోడ్డులో రెండు పక్కలా కలిపినా 12 అడుగులు. మొత్తంలో ఆరో వంతు కూడా కాదు. ఈ ఆరో వంతు ఇవ్వడానికి జాగ లేదనేవాళ్లు మిగతా ఐదు వంతుల్లో ఎవరున్నారో చెప్పాలె.

ఇక్కడ ఏ ఒక్క ఆఫీసునో తిట్టి లాభం లేదు. జాతీయ రహదారి 44 కేంద్రానిది. మెదక్ నుంచి ఎల్లారెడ్డి, బాన్సువాడ మీదుగా రుద్రూర్ పోయే 765డి కూడా అంతే. జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీవి, గల్లీలు మున్సిపాలిటీవి, బస్సు ఆర్టీసీది, రైలు దక్షిణ మధ్య రైల్వేది, ఆటో దాన్ని నడిపి కిస్తీ కట్టేవాడిది. నడక ఎవరిదీ కాదు. ఎవరి సంచి వారిదే, ఎవరి టెండర్ వారిదే. మేడ్చల్ నుంచి ముద్‌ఖేడ్ దాకా మన లైను డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కామారెడ్డి స్టేషన్‌ను అమృత్ భారత్ పథకంలో చేర్చారు. మంచిదే. కానీ రైలు దిగిన మనిషి నెత్తిన మూట, చేతిలో పిల్లతో బస్టాండు దాకా ఎట్లా పోవాలన్నది రైల్వే చూసుకునే పని కాదు, ఆర్టీసీ చూసుకునే పని కాదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్సెక్కే దాకా వాళ్లు ఎక్కడ నిలబడుతున్నారు, నీడ ఉందా, కూర్చోను అరుగు ఉందా, రాత్రి దీపం ఉందా అన్నది ఆ పథకం లెక్కలోకి రాదు. ఒక శాఖ చేసిన మంచి పని ఇంకో శాఖ గడప దగ్గర ఆగిపోతోంది.

మా కోరిక ఇది. కామారెడ్డికి ఒకటి, ఎల్లారెడ్డికి ఒకటి, ఏడాదికోసారి ఒకే పట్టీ తయారుచేయాలి. ఫుట్‌పాత్, చౌరస్తాలో దాటే చోటు, సైకిల్ దారి, బస్టాపు నీడ, ఆటో అడ్డా, మోరీ, వంతెన, రోడ్డు వెడల్పు, పార్కింగ్ అన్నీ ఆ ఒక్క పట్టీలోనే ఉండాలి. ప్రతి పనికీ ఒకే తక్కెడతో మార్కులు వేయాలి. ఆ మార్కులను వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి. పైమార్కుల పని ముందు, కిందిది తర్వాత. ఎవరైనా వరస మార్చాలంటే మార్చొచ్చు, కానీ ఎందుకు మార్చారో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

తక్కెడ ఎట్లా ఉండాలో మా ఆలోచన చెప్తాం, మీరు సరిదిద్దండి. నూరు మార్కులనుకుంటే 40 మనుషుల లెక్కకు. వాహనాల లెక్కకు కాదు. యాభై మందితో పోయే బస్సును, ఒక్క మనిషితో పోయే కారును చెరొక బండి అని రాసుకుంటే లెక్క అక్కడే తప్పింది. పది లక్షల పనిని, పది కోట్ల పనిని పక్కపక్కన పెట్టాలంటే ఖర్చయ్యే లక్ష రూపాయలకు ఎందరికి మేలు అని చూడాలి. 25 మార్కులు ప్రాణానికి. 2022లో దేశంలో రోడ్డు మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్తోంది. అందులో మోటార్ సైకిళ్ల వాళ్లు 74,897, నడిచేవాళ్లు 32,825. ఇద్దరినీ కలిపితే నూటికి 64 మంది. డబ్బు పోయే దిక్కు, ప్రాణం పోయే దిక్కు ఒకటి కావని దీన్ని చూస్తే తెలుస్తుంది. ఇంకో 15 వేరే గతి లేనివాళ్లకు, 10 వానకు ఆగేటట్టు కట్టేదానికి, 10 కట్టిన తర్వాత దాన్ని సాకే ఖర్చుకు.

ఆ 15 మార్కుల గురించి కొంచెం చెప్పాలె. తలలు లెక్కపెట్టి పనులు చేస్తే చాలు గదా అంటారు. చాలదు. వంతెన లేని వాగు ఒడ్డున కూర్చొని దాటేవాళ్లను లెక్కపెడితే సున్నా వస్తుంది. సున్నా వచ్చింది గనుక వంతెన అక్కర్లేదని రాయొచ్చా? మూడు చక్రాల బండి మీద తిరిగే మనిషి చౌరస్తాలో కనబడడు, ఎందుకంటే అక్కడికి రాలేడు. లారీల భయానికి సైకిల్ ఇంట్లో పెట్టి కూతురిని ఆటో ఎక్కించే తండ్రిని ఏ లెక్కలోనైనా ఆటో ప్రయాణికుల్లోనే రాస్తారు. బీడీలు చుట్టే అక్కలు ఆకు, తంబాకు తెచ్చుకునేందుకు, చుట్టిన బీడీలు అప్పజెప్పేందుకు తిరిగే వేళలు ఆఫీసు వేళలు కావు. సాయంత్రం ఐదింటికి లెక్కపెడితే వాళ్లు దొరకరు. అందుకే ఎందరు తిరుగుతున్నారనే కాక, ఎందరు తిరగడం మానేశారని కూడా అడగాలి. ఆ సంగతి ఇంజినీరుకు తెలియదు. గల్లీలో ఉండే మీకు తెలుసు.

కొందరు అంటారు, ఇప్పుడు నడిచేదెవరు, అందరికీ బండ్లున్నాయి గదా అని. 2011 జనగణనలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులకు పోయేవాళ్లను ఎట్లా పోతున్నారని అడిగారు. దేశం మొత్తమ్మీద మూడో వంతుకు పైగా నడిచో, సైకిల్ మీదో పోతున్నారు. కారు, జీపు, వ్యాన్‌లలో పోయేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. నిజమే, అప్పటి నుంచి బండ్లు చాలా పెరిగాయి. అయితే బండి ఉన్నాయన కూడా గంజ్ దగ్గర దాన్ని నిలిపి నడుస్తూనే సరుకు కొంటాడు, ఆయన భార్యా నడుస్తుంది, తల్లీ నడుస్తుంది. ఇంటికి ఒక్క బండి ఉంటే మిగతా నలుగురు ఎట్లా పోతారన్నది ఎవరూ అడగరు.

ఎల్లారెడ్డి సంగతి వేరు. అక్కడ రైలు లేదు. నిజామాబాద్ రీజియన్ ఆరు డిపోల్లో మన జిల్లావి రెండే, కామారెడ్డి, బాన్సువాడ. పెద్ద ఆస్పత్రికైనా, కలెక్టరేట్‌కైనా, పెద్ద కాలేజీకైనా లింగంపేట మీదుగా నలభై కిలోమీటర్ల దూరం. కనుక ఎల్లారెడ్డి పట్టీలో మొదటి వరసలో రావాల్సింది ఊళ్లో డివైడర్ కాదని మా నమ్మకం. తెల్లారి తొలి బస్సు, రాత్రి మలి బస్సు, వాటిని ఆపకుండా నిలబెట్టే వంతెన రావాలి. 2025 ఆగస్టు చివర్లో ఏమైందో మరిచిపోలేదు గదా. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డది. భిక్కనూర్, తలమడ్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి దెబ్బతిన్నది. లింగంపల్లి ఖుర్దు దగ్గర వంతెన దెబ్బతింటే సెప్టెంబర్ 4న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి చూసిపోయారు. రైలు, పెద్ద రోడ్డు, చిన్న రోడ్డు మూడూ ఒక్కసారే ఆగిపోయిన జిల్లాలో వానకు పది మార్కులు తక్కువేమో కూడా. ఎల్లారెడ్డి వాళ్లు దాన్ని ఇరవై చేసుకుంటామంటే మాకు సమ్మతమే.

అన్ని రోడ్లూ వెడల్పు చేయొద్దని మేం అనడం లేదు. గాంధీ గంజ్‌కు వడ్లు, మక్కలు, బెల్లం తెచ్చే ట్రాక్టర్‌కు తొవ్వ కావాలి. సిరిసిల్ల రోడ్డులో అంబులెన్స్ ఇరుక్కోవద్దు. అటువంటి చోట విస్తరణకే ఎక్కువ మార్కులు వస్తాయి, రావాలి కూడా. మార్కులు రాకుండా పలుకుబడితో ముందుకొచ్చే పని మీదే మా తగాదా. ఇక దుకాణాల వాళ్ల భయం. ఎదుట బండి ఆపనియ్యకపోతే గిరాకీ రాదంటారు. చెన్నైలో పాండీ బజార్‌ను 2019 నవంబర్‌లో నడిచేవాళ్ల కోసం తిరిగి కట్టారు. బట్టలకు, బంగారానికి మన వాళ్లు కూడా వెతుక్కుంటూ పోయే టీ నగర్ బజారే అది. అంతకు ఐదేళ్ల ముందు, 2014లో, ఆ నగర కార్పొరేషన్ తన రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకు, సైకిల్‌కు పెట్టాలని విధానం చేసుకుంది. మనమేమో ఆరు శాతం అడగడానికి కూడా మొహమాటపడుతున్నాం. తోపుడు బండ్లను తరిమి ఫుట్‌పాత్ కట్టాలని మాత్రం మేం అనం. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపమంటోంది, ఆ చోటు కూడా పట్టీలోనే రాయాలి.

సైకిల్ దారి అంటే కొందరికి ఇది గుర్తొస్తుంది: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి, పైన సోలార్ కప్పు. చూడముచ్చటగా ఉంది, 2023 అక్టోబర్ 1న మొదలైంది. పాల క్యాన్లు కట్టుకొని సైకిల్ తొక్కేవాడు ఆ దారిన పోడు. అటువంటిది మాకొద్దు.

ఇంత లెక్క మున్సిపాలిటీ చట్టంలో ఎక్కడుందని అడుగుతారు. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం చెట్లకు బడ్జెట్‌లో పదో వంతు పెట్టమంది, పెడుతున్నారు. మొక్కకు దారి దొరికిన చట్టంలో మనిషికి దొరకదా? అదే చట్టం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులకు నాలుగు కమిటీలు పెట్టమంటోంది, కమిటీకి పదిహేను మంది. కామారెడ్డిలో 49 వార్డులు, ఎల్లారెడ్డిలో 12. ఈ కమిటీలు కూర్చుంటే లెక్క తీయడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఎప్పుడో చెప్పింది. ఇన్నేళ్లయినా అది మన చౌరస్తాల దాకా రాలేదు.

ఎక్కడో కూర్చొని గీసిన గీతతో ఏమైతదో కామారెడ్డికి చెప్పాల్సిన పని లేదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో ఉన్నాయని తెలిసి 2022 డిసెంబర్‌లో రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరి 20న కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ముందే గోడ మీద అతికించి అడిగి ఉంటే అన్ని రోజుల గోస ఉండేది కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాం. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక అంగడి రోజు, ఒక మామూలు రోజు మీ దగ్గరి చౌరస్తాలో పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా విడతలవారీగా లెక్క తీయండి. నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటార్ సైకిళ్లు, ఆటోలు, బస్సులు, కార్లు, లోపలున్న మనుషులతో సహా. ఇంట్లో ముసలోళ్లను, ఆడవాళ్లను, బడి పిల్లలను ఎక్కడికి పోవడం మానేశారో, ఎందుకో అడిగి రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకొని సోమవారం ప్రజావాణికి రండి, ఒకే పట్టీ కావాలని దరఖాస్తు ఇద్దాం. ఎల్లారెడ్డి, లింగంపేట నుంచి వచ్చేవాళ్లు ఆ రోజు ఏ బస్సుకు వచ్చారో, దాని కోసం ఎంతసేపు ఎక్కడ నిలబడ్డారో దరఖాస్తు మొదటి వరసలోనే రాయండి.