రెంటికీ చెడ్డ రేవడి ఎందుకవ్వాలి?

"హైబ్రిడ్" అనగానే మా ఊళ్లో ఎవరికైనా విత్తనాల సంచి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈమధ్య ఒక మిత్రుడి ముఖం గుర్తొస్తోంది. ప్రతి ఆదివారం రాత్రి హాస్టల్ గదిలో అయిదుగురం చేరి 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఆడేవాళ్లం. నాలుగు నెలలు ఆడాక ఒక రాత్రి ఆ మిత్రుడు పాచికలు పక్కన పెట్టేసి, "నేను లేకపోయినా మీ ఆట నడుస్తుందిలేరా" అని లేచిపోయాడు. కోపంగా అని ఉంటే సర్దిచెప్పేవాళ్లం. వాడు మామూలుగా అన్నాడు. అదే బాధ. ఆ మాట ఎందుకొచ్చిందా అని ఆలోచించగా తేలినవే ఈ నాలుగు ముక్కలు.

ఆట తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర ధరించి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. యోధుడికి కత్తి, కవచం, దెబ్బలు కాచుకునే ఒళ్లు ఉంటాయి. మాంత్రికుడు మొదట్లో గాలికి పడిపోయేటట్టుంటాడు గాని, లెవెల్ పెరిగేకొద్దీ పిడుగవుతాడు. ఈ రెండూ నాకే కావాలనేవాడు యోధ-మాంత్రికుడు. మా మిత్రుడు ఎంచుకున్నది వాడినే.

మేం ఆడింది 2000లో వచ్చిన మూడో ఎడిషన్. అందులో ప్రతి లెవెల్‌కూ ఏ విద్య కావాలో ఎంచుకోవచ్చు. అందరం ఆరో లెవెల్‌కి చేరేసరికి మావాడు మూడు యోధుడికీ, మూడు మాంత్రికుడికీ పంచాడు. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. ఫలితం చూడండి. ఆరో లెవెల్ యోధుడు నిలబడి పోరాడితే ఒక వంతులో రెండు దెబ్బలు వేస్తాడు, మావాడికి ఒక్కటే. ఆరో లెవెల్ మాంత్రికుడు ఫైర్‌బాల్‌తో గుంపునంతా కాల్చేస్తాడు. మావాడికి ఆ మంత్రం ఇంకా రాలేదు. పైపెచ్చు కవచం తొడిగితే మంత్రం తప్పే ప్రమాదం. నిండు ఉక్కు కవచానికి అది నూటికి ముప్ఫయి అయిదు! వాడు కవచం విప్పేశాడు, దెబ్బలు తిన్నాడు. సగం యోధుడు, సగం మాంత్రికుడు కలిస్తే ఒక మనిషి కాలేదు.

ఇది ఆ పుస్తకం ఒక్కదాని తప్పు కాదు. ఈ లెక్కతో వాళ్లు మొదటినుంచీ కుస్తీ పడుతూనే ఉన్నారు. 1978 నాటి నియమాల్లో మనుషులు కాని జాతులవాళ్లు రెండు విద్యలూ ఒకేసారి నేర్చుకోవచ్చు. సంపాదించిన అనుభవ పాయింట్లను చెరిసగం పంచుకోవాలి. సగానికి సగం పోయిందంటే పెద్ద శిక్షే అనుకుంటాం. కానీ మొదటి మెట్లలో ఒక్కో లెవెల్‌కి కావలసిన పాయింట్లు దాదాపు రెట్టింపవుతూ పోతాయి. 38,000 పాయింట్లతో ఉత్త యోధుడు ఆరో లెవెల్‌లో, ఉత్త మాంత్రికుడు అయిదో లెవెల్‌లో ఉంటే, ఇద్దరినీ కలిపినవాడు యోధుడిగా అయిదు, మాంత్రికుడిగా నాలుగు! సగం ధర కట్టి, ఒక్క మెట్టు మాత్రమే వెనకబడ్డాడు. లాగరిథమ్స్ చదివిన ఏ సైన్సు విద్యార్థికైనా కిటుకు ఇట్టే తెలుస్తుంది. అందుకే కాబోలు, పై మెట్ల దగ్గర చాలా జాతులకు హద్దులు కట్టారు. ఇక 1981 బేసిక్ నియమాల్లో ఎల్ఫ్ అనేవాడు పుట్టుకతోనే యోధ-మాంత్రికుడు. రెండో లెవెల్‌కి యోధుడికి 2,000, మాంత్రికుడికి 2,500 పాయింట్లు చాలు. ఎల్ఫ్‌కి 4,000 కావాలి. పదో లెవెల్ దాటి పోలేడు.

అంటే ఒకచోట మరీ చవక, ఒకచోట మరీ ప్రియం. ధర ఎంత అనే దగ్గరే అందరూ ఆగిపోయారు. ధర ఎక్కడ వసూలు చెయ్యాలి అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

మా నాయన వేరుశనగలో కంది సాళ్లు వేస్తాడు. ఒక్క ఎకరంలో ఎకరం వేరుశనగా, ఎకరం కందీ పండాలని ఆశపడడు. అలాగని గట్టు వేసి చెరి అర ఎకరమూ పంచడు. వేరుశనగ నాలుగు నెలల్లో ఇంటికొస్తుంది. అంతదాకా కంది నెమ్మదిగా ఉండి, ఆ తర్వాత చోటు దొరికి గుబురుగా పెరుగుతుంది. రెండు పంటలూ పంచుకునేది నేలను కాదు, కాలాన్ని.

ఆటలో కాలం అంటే వంతు. ఎన్ని విద్యలు వచ్చినా వంతుకి చేసేది ఒక్క పనే అయితే, రెండో విద్య ఆ పూటకి అటకమీద సామానే. కాబట్టి హైబ్రిడ్ పాత్ర శక్తిని కత్తిరించడం కాదు, వాడి వంతును తిరిగి అమర్చాలి. 2011లో పాత్‌ఫైండర్ ఆటకి వచ్చిన 'మేగస్' ఈ పని చేశాడు. ఒక చేత కత్తి, ఖాళీ చేత మంత్రం, రెండూ ఒకే వంతులో. బదులుగా గురి కొంచెం తగ్గుతుంది. అదే ఆట రెండో ఎడిషన్‌కి 2021లో వచ్చిన మేగస్ నాకు ఇంకా నచ్చాడు. అక్కడ వంతుకి మూడు పనులు. మంత్రాన్ని కత్తిలోకి ఎక్కించి కొట్టడానికి రెండు ఖర్చవుతాయి. మళ్లీ కొట్టాలంటే ముందు ఇంకో పని వెచ్చించి సిద్ధపడాలి. దెబ్బ గొప్పదే, కానీ ఊపిరి తీసుకోక తప్పదు. పైగా ఆ దెబ్బ ఉత్త యోధుడూ వెయ్యలేడు, ఉత్త మాంత్రికుడూ వెయ్యలేడు. వాడికంటూ ఒక పని ఉంది.

"కథ చెప్పుకునే ఆటకి ఈ తూకాలెందుకయ్యా?" అనే మిత్రులున్నారు. కథ ముఖ్యం, కాదనను. కానీ ఆ మూడు గంటల కథలో ప్రతిసారీ పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడి కథ ఏమిటి? తూకం అంటే అందరి అంకెలూ సమానం కావడం కాదు. "ఇప్పుడు నువ్వే కావాలి" అనిపించుకునే క్షణం ప్రతివాడికీ రావడం.

సెలవుల్లో కాయలు వలిచేటప్పుడు ఊళ్లో నన్ను "చదువుకునేవాడు, వీడికేం చేతనవుతుంది" అంటారు. ల్యాబులో బీకరు జారితే "పల్లెటూరివాడు" అంటారు. బహుశా అందుకేనేమో, ఆ రాత్రి మిత్రుడి మాట అంతగా గుచ్చుకుంది.

ఒక కాగితం మీద కొత్త నియమం రాశాం: మావాడు దెబ్బ వేస్తూ అదే వంతులో తన మంత్రాల్లో ఒకదాన్ని కత్తిలోంచి వదలవచ్చు, తర్వాతి వంతులో మంత్రం జోలికి పోకూడదు. కాగితం తీసుకెళ్లి వాడికిచ్చాను. చదివి, "తర్వాతి వంతులో కవచం తొడుక్కోవచ్చా?" అని బేరమాడాడు.

బేరమాడాడంటే ఆదివారం వస్తాడన్నమాటే.